దండం పెట్టుకున్న కారు

నా ఉద్యోగాన్ని కాగితం మీద ఎవాల్యుయేటర్ అనేవారు. సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మే యార్డులో, మా సేఠ్ కొనబోయే ప్రతి కారునీ చూసి దానికి ఏమేం బాగులేదో చెప్పడం పని. మా ఆవిడ దీన్ని ఇంకా క్లుప్తంగా చెప్పేది: "వంకలు పెట్టినందుకు జీతమిత్తారు." అందులో అబద్ధం లేదు. నేను చదివింది బీకాం. కాలేజీలో తరుగుదల అనే పాఠం చెప్పారు, ఏ వస్తువుకైనా ఏటా విలువ కొంత తగ్గుతుందని. ఉద్యోగకాలమంతా ఆ ఒక్క పాఠాన్నే పట్టుకుని జంషెడ్‌పూర్ చుట్టూ, బిష్టుపూర్ నుంచి గమ్హరియా దాకా తిరిగి, అది నిజమేనని తేల్చాను. నాకూ వర్తిస్తుందని మాత్రం రిటైరైన రోజు సేఠ్ మెడలో దండ వేసినప్పుడే తెలిసింది.

మీ తరం వాళ్ళకి కారు వెతకడమంటే ఫోన్లో గళ్ళకి టిక్కులు పెట్టడం. డీజిల్, టిక్కు. ఆటోమేటిక్, టిక్కు. ఊరు జంషెడ్‌పూర్, టిక్కు. కాసేపు చక్రం తిప్పి, "మీకు సరిపోయే కార్లేవీ లేవు" అని ఫోను మర్యాదగా చెప్పేస్తుంది. ఫోను ఆ మాట చెప్పేశాక దొరికిన ఒక కారు గురించి రాస్తున్నాను. నా రిటైర్మెంటుకి ముందు ఏడాది మాట.

ఆ అమ్మాయి నాకు తెలిసిన మనిషే. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. వాళ్ళ నాన్నా మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో చేరినవాళ్ళు. అందుకని నన్ను బాబాయ్ అంటుంది. సిద్ధగోరాలో ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. అది కాక ప్రతి లక్ష్మివారం ఘాట్‌శిలా వెళ్ళి, అక్కడ ఎవరో ఇచ్చిన ఒక గదిలో, నడక రాని పిల్లలకి నడక నేర్పేది. రెండేళ్ళ కిందట స్కూటీ మీంచి పడి కుడికాలి మడమ దగ్గర విరిగింది. లోపల స్టీలు పట్టీ వేశారు. ఈ ఊరి మనిషికి ఒంట్లో స్టీలు ఉండటం పెద్ద వింత కాదు గానీ, ఆ కాలితో కారు నడపడం కష్టమైపోయింది.

"ఎల్లేటప్పుడు బాగానే ఉంటాది బాబాయ్. వచ్చేటప్పుడే. హైవే మీద ట్రైలర్ల ఎనకాల ఒకటే తొక్కడం, వదలడం, తొక్కడం, వదలడం. ఇంటికొచ్చి మెట్లెక్కలేకపోతన్నాను. ఊళ్ళో వాళ్ళ కాళ్ళన్నీ నేను సాగదీత్తాను, నా కాలు ఎవులు సాగదీత్తారు?"

డ్రైవర్ని పెట్టుకోమన్నాను. ఆ ముచ్చటా తీరిందట. మొదటివాడు లక్ష్మివారం నాడే జ్వరం తెచ్చుకునేవాడు. రెండోవాడు చక్కగా నడిపేవాడు, అందుకని ఎవరో ఎక్కువ జీతమిచ్చి పట్టుకుపోయారు. ఇక దుర్గాపూజ లోపల ఏదో ఒకటి కుదరకపోతే మానేస్తానని ఘాట్‌శిలా వాళ్ళకి చెప్పేసి వచ్చింది. అలా చెప్పేసి వచ్చిన మనిషి ముఖం అది. ఆవిడ మానేస్తే ఆ తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని రైలెక్కి జంషెడ్‌పూర్ రావాలి. వస్తారా అని అడిగాను.

"ఒకలో ఇద్దరో వత్తారు. మిగిలినోళ్ళు రారు. నాకు తెల్సు."

అప్పుడు అసలు మాట చెప్పింది. ఎవరో పేషెంటు కారులో రాంచీ దాకా వెళ్ళిందట. ఆ కారు ముందున్న బండిని తనే చూసుకుని, అది నెమ్మదిస్తే నెమ్మదించి, అది పరిగెడితే పరిగెత్తిందట. నడిపేవాడి కాలు హాయిగా కింద పెట్టుకుని ఉందట. దాన్ని అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అంటారు. మామూలు క్రూజ్ అయితే మీరు చెప్పిన వేగానికి వెళ్తుంది, ముందు లారీ ఉన్నా గోడ ఉన్నా దానికి పట్టదు. ఇది అలా కాదు, కారు ముక్కు దగ్గర రాడార్ ఒకటి పెట్టుకుని ముందు బండితో దూరం కాపాడుకుంటుంది. "నా కాలికి సెలవిచ్చే కారు కావాలి బాబాయ్. సెకండ్‌హ్యాండ్‌దే, డీజిల్‌దే. కొత్తది నా వల్ల కాదు, పెట్రోలుదైతే ఆ తిరుగుడికి గిట్టదు."

మా సేఠ్ అంతా విని, "ఫిర్ డ్రైవర్ క్యా కరేగా?" అన్నాడు. మరి డ్రైవర్ ఏం చేస్తాడని. కారు కింద పడుకుని ఉన్న మిస్త్రీ బయటికి రాకుండానే, ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నాడు అన్నాడు. మిస్త్రీది బరిపద వైపు ఒడియా కుటుంబం. యార్డులో మా ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే టీ గ్లాసు. అతను కారుకి ఏం చేస్తే బాగుపడుతుందో చెప్పేవాడు, నేను చెయ్యకపోతే ఎంతకొస్తుందో చెప్పేవాణ్ణి. సేఠ్ నా మాటే వినేవాడు.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఆవిడ అడిగింది ఎంత అరుదైన జాతో. మన దగ్గర డీజిల్ కార్లు ఒకటొకటిగా వెళ్ళిపోతున్న రోజుల్లో ఈ రాడార్ వ్యవహారం వచ్చింది. ఒకరు గుమ్మం దాటి వెళ్తుంటే ఒకరు లోపలికి వస్తున్నారు, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ క్షణంలో తయారైన కార్లు కావాలి మనకి. అవి ఉన్నవాళ్ళు అమ్మరు. ఎందుకమ్ముతారు?

సోనారిలో ఒకాయన ఉందన్నాడు. వెళ్ళి చూస్తే మామూలు క్రూజ్. తేడా ఏమిటని అడిగాడు. ఇది ముందు బండిని చూడదని చెప్పాను. "నేను చూస్తాను కదా," అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. కదమాలో ఇంకో కారు వెనక పెద్ద మోడల్ బ్యాడ్జి తళతళలాడుతోంది. అన్నీ ఉన్న మోడల్ అది. లోపల కూర్చుంటే ఏమీ లేవు. బ్యాడ్జి మాత్రం బజార్లో కొని అంటించుకున్నారు, పెళ్ళి సంబంధాలకి డిగ్రీ రాసుకున్నట్టు. మానగోలో దొరికింది, నిజంగా దొరికింది, రాడార్ ఉంది, ఆటోమేటిక్. పెట్రోలు.

గమ్హరియా నుంచి కూడా ఒక ఫోనొచ్చింది. అక్కడ చిన్న లేతు మిషన్ షెడ్డు నడిపే ఆసామి. డీజిల్, ఆటోమేటిక్, పై మోడల్, బాగా చూసుకున్న కారు. అడాప్టివ్ ఉందా అని అడిగాను. ఉంది గానీ పనిచెయ్యడం లేదన్నాడు.

ఎప్పట్నుంచి అని అడిగాను. అడగడం అలవాటు.

"విశ్వకర్మ పూజ నుంచి," అన్నాడు.

ఇక్కడ పుట్టి పెరగనివాళ్ళకి ఒక మాట. ఈ ఊళ్ళో నెలలకి పేర్లు ఉన్నాయి గానీ ఎవరూ వాడరు. మనవడు ఎప్పుడు పుట్టాడంటే బోనస్‌కి ముందు. నడుంనొప్పి ఎప్పట్నుంచంటే, వానాకాలం చివర్లో మిషన్లకీ బండ్లకీ చేసే విశ్వకర్మ పూజ నుంచి. కాబట్టి ఆసామి నాకు తేదీ చెప్పాడనుకున్నాను. దాదాపు ఏడాదిగా పనిచెయ్యడం లేదన్నమాట. తెరమీద పసుపు గుర్తు వస్తోంది, సర్వీసు చేయించమంటోంది. షెడ్డు పక్కన గ్యారేజీవాడు రాడార్ పోయింది అన్నాడట. కొత్తది వేయించే ఖర్చు వింటే ఆ కారు కొనే ఉత్సాహం ఎవరికీ మిగలదు. ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఊళ్ళో పూజ పందిళ్ళకి వెదుళ్ళు దిగుతున్నాయి. ఆ అమ్మాయి ఫోను చేసి "ఏటి బాబాయ్, దొరికిందా?" అని అడగడం మానేసింది. అడిగితే కోపమొస్తుంది గానీ మానేస్తే ఇంకోరకంగా ఉంటుంది. ఒకసారి నేనే చేశాను. ఘాట్‌శిలాలో తల్లులకి ఇంట్లో చేయించాల్సిన కసరత్తులు నేర్పేస్తున్నానంది. "నేను లేకపోయినా కొంత జరుగుతాది కదా." వెళ్ళిపోయేముందు మనిషి ఇల్లు సర్దుతున్నట్టు ఉంది ఆ మాట.

ఆ వారమే మా యార్డులో ఒక డెలివరీ. పాత కారు, కొత్త యజమాని. మా దగ్గర ఏ కారు గేటు దాటాలన్నా మిస్త్రీ పూజ చెయ్యాల్సిందే. నిమ్మకాయలు, కొబ్బరికాయ, నూనెలో కలిపిన సిందూరం. మిస్త్రీ బొటనవేలు సిందూరంలో ముంచి కారు ముక్కు మీద స్వస్తిక్ గీస్తున్నాడు. నేను రోజూ చూసేదే. ఆ రోజు ఎందుకో అడిగాను, అక్కడే ఎందుకు పెడతావు అని.

"ఇంకెక్కడ పెడతాం?" అన్నాడు. "బొట్టు ముఖానికి కదా పెట్టేది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ముఖం. పూజ. విశ్వకర్మ పూజ నుంచి. ఆసామి చెప్పింది తేదీ కాదేమో, కారణమేమో. ఆ సంగతి ఆయనకి కూడా తెలిసి ఉండదు.

గమ్హరియాకి ఫోను చేశాను. కారు ఏమైందని అడగలేదు. ఆ రోజు కారుకి పూజ బాగా చేశారా అని అడిగాను. ఆయన గొంతు మారిపోయింది. కొడుకు ఫస్టు క్లాసులో పాసయ్యాడని చెప్పే గొంతు. తన షెడ్డు కుర్రాళ్ళు స్టీలు పలకమీద ఓంకారం తొలిచి, అద్దంలా పాలిష్ పట్టి, పూజ నాడు కారుకి పెట్టారట. ఎక్కడ పెట్టారండీ అన్నాను.

"ముందే. ముక్కు దగ్గర నల్లగా నున్నగా ఒక జాగా ఉంటుంది చూడండి, ఖాళీగా. ఆ జాగా దానికోసమే వదిలినట్టుంది."

కంపెనీవాళ్ళు ఆ జాగా రాడార్ కోసం వదిలారు.

మర్నాడు సేఠ్, మిస్త్రీ, నేను గమ్హరియా వెళ్ళాం. దారిలో సేఠ్ తన ప్రణాళిక చెప్పాడు. మాట మాట్లాడకుండా రాడార్ పోయిన కారు ధరకి బేరం తెగ్గొట్టడం, యార్డుకి తెచ్చాక పలక తీసేయడం. వ్యాపారంగా చూస్తే దాంట్లో వంక లేదు. వంకలు పెట్టడం నా ఉద్యోగం కాబట్టి పెట్టాను. అక్కడే తీసి రోడ్డు మీద నడిపి చూస్తే తప్ప బాగుందని నేను సంతకం పెట్టనన్నాను. ఉద్యోగంలో నాకు మిగిలిన ఒకే ఒక్క పట్టుదల అది: చూడనిదాన్ని బాగుందని అనకపోవడం. దీన్ని నిజాయితీ అని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ ఓంకారం మీద స్క్రూడ్రైవర్ పెట్టనని మిస్త్రీ ముందే తేల్చేశాడు. పెట్టినవాళ్ళ చేత్తో తీస్తేనే తీసినట్టు. కాబట్టి నిజాయితీకి బయటినుంచి కూడా కొంత మద్దతు ఉంది.

కారు షెడ్డు ముందు నీడలో ఉంది. ముక్కు మీద ఓంకారం ఎండకి మెరుస్తోంది. నా వృత్తిలో మెరిసేవి చాలా చూశాను, ఎక్కువగా వాటికింద తుప్పు ఉంటుంది. ఇది అలాంటి పని కాదు. అంచులు గోరు తగలనంత నునుపు. దాన్ని తొలిచిన టర్నర్, లేతు మీద పనిచేసే కుర్రాడు, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడ్డాడు. చూడటానికి ఎవరో వచ్చారని ఎవరో చెప్పినట్టున్నారు.

అతని ముందు చెప్పాల్సి వచ్చింది. కారుకి కళ్ళు ఎక్కడున్నాయో, ఆ పలక ఎక్కడుందో, రాడార్‌కి ఇనుము అడ్డొస్తే ఏమవుతుందో హిందీలో చెప్పుకొచ్చాను. ఆసామి ముఖంలో రంగు మారింది. ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. దేవుణ్ణి పెట్టుకుంటే కారు గుడ్డిదైందంటారా అన్నాడు. సేఠ్ నేల చూశాడు. మిస్త్రీ ఆకాశం చూశాడు. టర్నర్ నన్ను చూశాడు.

"గుడ్డిది కాలేదండీ," అన్నాను. "కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటోంది. ఏడాదిగా పెట్టుకుంటూనే ఉంది. ఇంక చాలు లేమ్మా అని ఎవరో ఒకరు చెప్పాలి."

ముందు నవ్వింది టర్నరే. లోపలికి వెళ్ళి సన్నని నైలాన్ దారం తెచ్చాడు. పలకకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని, వెనకనుంచి దారం లాగుతూ మెల్లిగా విడదీశాడు. స్క్రూలు లేవు, రెండువైపులా అంటుకునే టేపు. రోజంతా ఇనుముకి బెజ్జాలు వేసే మనిషికి యజమాని కారుకి బెజ్జం వెయ్యడానికి చెయ్యి రాలేదట. ఆ మొహమాటమే రాడార్‌ని కాపాడింది. పలకని ఆసామి రెండు చేతులతో అందుకుని లోపలికి తీసుకెళ్ళి పెద్ద లేతు నెత్తిన నిలబెట్టాడు. అక్కడ ఇంకా బాగుంది. నిజం చెప్తున్నాను.

జిగురు తుడిచాం. కాండ్రా రోడ్డెక్కాం. నేను నడుపుతున్నాను, పక్కన ఆసామి, వెనక సేఠ్, మిస్త్రీ. కొంత దూరం పసుపు గుర్తు అలాగే ఉంది. ఆసామి దాన్నే చూస్తున్నాడు. నేను రోడ్డు చూస్తున్నట్టు నటిస్తూ దాన్నే చూస్తున్నాను. తర్వాత, ఎప్పుడు పోయిందో చూడలేదు గానీ, అది లేదు. బటన్ నొక్కాను. ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ముందు స్టీలు కాయిల్స్ వేసుకుని ఒక ట్రైలర్ ఏనుగులా పోతోంది. నేను కాలు తీసి పక్కన పెట్టాను. పెట్టాను అని ధైర్యంగా రాస్తున్నాను గానీ, బ్రేకు మీద గాల్లో ఉంచాను. ట్రైలర్ దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. వెనకనుంచి సేఠ్ ఏదో దేవుడి పేరు మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేలోపు కారు తనంతట తనే ఒదిగి, ట్రైలర్ వెనక మర్యాదైన దూరంలో, పెద్దవాళ్ళ వెనక నడిచే కోడలిలా నడిచింది.

ఆసామి డాష్‌బోర్డు మీద మెల్లిగా రెండుసార్లు తట్టాడు. తర్వాత ధర పెంచాడు.

నేనైనా పెంచేవాణ్ణే. పెంచినా ఆ అమ్మాయికి అందేలాగే ఉంది, మా యార్డుకి మిగిలేదే సన్నబడింది. ఆ ధరకే కొన్నాం. ఆదిత్యపూర్ దాటేదాకా సేఠ్ వేళ్ళమీద లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. ఖర్కాయీ వంతెన మీద మాత్రం, "దండం పెట్టుకుంటోందా?" అని ఒకసారి తనలో తను అనుకుని నవ్వాడు. దాంతో సరిపెట్టుకున్నాను.

కంపెనీ సర్వీసులో మిషన్ పెట్టి చూపించి, వాళ్ళూ బాగుందన్నాకే ఆవిడకి ఫోను చేశాను. లక్ష్మివారమే రమ్మన్నాను. ఘాట్‌శిలా తీసుకెళ్తూనే నడిపి చూడమన్నాను. పక్కన కూర్చున్నాను. కారుకి రాడార్ ఉన్నా నాకు నమ్మకం రావడానికి నా కళ్ళు కావాలి. ఆవిడకి ముందే చెప్పాను, ఇది ఆవులకీ, ఎదురొచ్చే ఆటోలకీ హామీ ఇవ్వదు, కాలికే సెలవు, కళ్ళకి లేదని.

హైవే మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఆవిడ కాలు, నా కాలు లాగే, గాల్లోనే ఉంది. ముందు ఒక ట్రైలర్ నెమ్మదించింది. కారూ నెమ్మదించింది. ట్రైలర్ కదిలింది. కారూ కదిలింది. మళ్ళీ నెమ్మదించింది. మళ్ళీ. కాసేపటికి ఆ కుడికాలు, స్టీలు పట్టీ ఉన్న కాలు, మెల్లిగా దిగి మ్యాట్ మీద ఆనింది. ఆవిడ దానివైపు ఒకసారి చూసుకుంది, వేరేవాళ్ళ కాలన్నట్టు.

"బాబాయ్, ఇప్పుడీ కాలు ఏటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యక్కర్లేదమ్మా. దానికే కదా కొనుక్కుంటన్నావు."

ఆవిడ నవ్వలేదు. పెదవి బిగించి రోడ్డునే చూస్తూ నడిపింది. ఘాట్‌శిలాలో ఆ గది ముందు దిగినప్పుడు గుమ్మంలో తల్లులు పిల్లల్ని వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇంట్లో చేయించే కసరత్తులు బొమ్మలేసి ఇచ్చిన కాగితాలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఆవిడ వరసగా అందరి దగ్గరా ఆ కాగితాలు వెనక్కి తీసేసుకుంది. ఎందుకని ఒకావిడ హిందీలో అడిగింది. పై లక్ష్మివారం నేనే చేయిస్తానంది.

నా ఉద్యోగంలో నేను చూసిన మంచి డెలివరీ అదే. కారు ఇంకా ఆవిడ పేరు మీద కూడా మారలేదు.

ఆ ఏడాది విశ్వకర్మ పూజకి ఆవిడ కారు తెచ్చి మా యార్డులోనే పెట్టింది. మిస్త్రీ సిందూరం కలిపి, బొటనవేలు ముంచి, అలవాటుగా ముందుకి వెళ్ళి, ముక్కు దగ్గర వంగి, ఆగిపోయాడు. నావైపు చూశాడు. ఈ ఊళ్ళో విశ్వకర్మ నాడు బొట్టు లేని బండి, తల్లి లేని పిల్లలా ఉంటుంది. అలాగని మళ్ళీ ఏడాదిపాటు దండం పెట్టించలేం. మిస్త్రీయే కారు చుట్టూ నడిచి వెళ్ళి, డిక్కీ మీద, నంబరు ప్లేటుకి పైన, చక్కగా స్వస్తిక్ గీశాడు. దేవుడు వెనకనుంచి వస్తే గుర్తుపట్టడా అన్నాడు. సేఠ్ ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి మా యార్డులో రాడార్ ఉన్నా లేకపోయినా, ఏ కారుకైనా బొట్టు వెనకే. కొత్తగా చేరినవాళ్ళు ఎందుకని అడిగితే ఇది ఇక్కడి ఆచారం అని చెప్తున్నారట.

ఇన్నేళ్ళు పనిచేశాక యార్డులో నా గుర్తుగా ఏమైనా ఉందా అని ఎవరో అడిగారు. బోర్డు లేదు, ఫోటో లేదు. మానగో వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముందున్న కారు వెనకవైపు చూడండి. డిక్కీ మీద సిందూరం కనిపిస్తే, అది నేను.